కీళ్లనొప్పులు – తాగునీటిలోని ఫ్లోరైడు

కీళ్లనొప్పులన్నిటికీ కారణం ఒక్కటే కాదు. వయసు మీరినవారిలో మోకాలి కీలులోని మృదులాస్థి అరుగుతుంది. నడిచినపుడు, మెట్లెక్కినపుడు నొప్పి హెచ్చుతుంది. చేతివేళ్ల కీళ్లు వాచి, ఉదయం గంటకు పైగా బిగుసుకొనిపోవడం కీళ్లవాతపు లక్షణం. ఇవి గాక కోలారు, బాగేపల్లి, పావగడ, ధర్మపురి ప్రాంతాలలోను, అనంతపురం, ప్రకాశం, నల్గొండ జిల్లాలలోను కనిపించే మరొక కారణం బోరునీటిలోని ఫ్లోరైడు.

గ్రానైటు వంటి శిలల నుండి ఫ్లోరైడు భూగర్భజలంలో కరుగుతుంది. మన దేశంలో ఈ వ్యాధిని గూర్చి 1937లో, నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా నుండి తొలి వివరాలు వెలువడ్డాయి. లీటరు నీటిలో ఫ్లోరైడు 1 మిల్లీగ్రామును మించరాదు. వేరే నీటివసతి లేనిచోట 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతి ఉంది. అంతకు మించిన నీటిని ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లపై గోధుమరంగు చారలు, పెద్దలకు మెడ, నడుము, మోకాళ్ల బిగువు కలుగుతాయి.

మోకాళ్లు వంచక కాలివేళ్లను తాకడం, గడ్డమును రొమ్ముకు ఆనించడం, రెండు చేతులను తల వెనుకకు చేర్చడం – ఈ మూడింటిలో ఏది కష్టమైనా వైద్యునికి చూపించుకొని, మూత్రంలోను, తాగునీటిలోను ఫ్లోరైడును పరీక్షింపజేయాలి.

నీటిని కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరై మరింత చిక్కబడుతుంది. వాననీరు, శుద్ధిచేసిన నదీజలం మేలు. పటిక, సున్నం కలిపి తేర్చే నల్గొండ పద్ధతి కూడా ఉంది. పాలు, రాగులు, ఆకుకూరలు, ఉసిరి ఆహారంలో చేర్చుకోవాలి. నల్ల ఉప్పును మానాలి, తేనీరు తగ్గించాలి. ముదిరిన ఎముకల మార్పు తిరిగి రాదు గాని, తొలిదశలో నీరు మార్చితే నొప్పి తగ్గే అవకాశముంది.

అరుగుదల నొప్పికి బరువు తగ్గడం, తొడ కండరాలకు వ్యాయామం, వేడి కాపడం ఉపకరిస్తాయి. నొప్పిమాత్రలను వైద్యుని సలహా లేక నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని కలుగుతాయి.

జ్వరంతో కీలు ఎర్రగా వాచినా, కాళ్లు చచ్చుబడినా, మూత్రంపై అదుపు తప్పినా ఆలస్యం చేయక ఆసుపత్రికి తీసుకొనిపోవాలి.