తిరుమణి నేల: కంపెనీ విత్తనం, ఇంటి విత్తనం

కర్ణాటకలోని తుమకూరు జిల్లా పావగడ తాలూకాను ఆంధ్రదేశపు నేల దాదాపు చుట్టుముట్టి ఉంటుంది. అక్కడి తిరుమణి వంటి గ్రామాల్లో పాలనభాష కన్నడమైనా చాలా ఇళ్లలో వినిపించేది తెలుగే. ఎర్రనేల, నమ్మకం లేని వాన, వేరుశనగ - ఈ మూడింటిలోనూ పావగడకూ అనంతపురం సీమకూ భేదం లేదు. తెలుగువారి విత్తన వ్యాపార చరిత్రను ఈ ఊరి వైపు నుంచి పరిశీలించడం మా ఉద్దేశం.

కుటుంబాలు నడిపే విత్తన సంస్థలు తెలుగునాట 1970లలో బలపడ్డాయి. 1973లో మండవ వెంకట్రామయ్య నూజివీడు సీడ్స్‌ను స్థాపించారు. తరువాత కుమారుడు ప్రభాకరరావు దానిని విస్తరించారు. 1976లో జి.వి. భాస్కరరావు కావేరి సీడ్స్‌కు శ్రీకారం చుట్టారు. అప్పటికే ప్రభుత్వ పరిశోధన దారి వేసి ఉంది. 1964లో సంకర జొన్న సి.ఎస్.హెచ్-1, 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించిన సంకర పత్తి హెచ్-4 వెలువడ్డాయి. ఆ దారిలోనే నూజివీడు వారి బన్నీ, మల్లిక పత్తి సంకరాలు తరువాతి కాలంలో పేరు పొందాయి.

సంకర పంటలో వచ్చిన గింజను మళ్లీ విత్తితే మొక్కలు ఒక్కతీరుగా రావు. కనుక రైతు ఏటా విత్తనం కొనవలసిందే. నల్లరేగడికి ఏది తగును, తేలికనేలకు ఏది తగును అని చోటచోటా పరీక్షించే ఖర్చు కంపెనీకి ఆ కొనుగోలు ద్వారానే తిరిగి వస్తుంది.

వేరుశనగకు ఈ లెక్క కుదరదు. దాని పువ్వు తన పుప్పొడితోనే ఫలిస్తుంది. ఈ ఏటి కాయే వచ్చే ఏటి విత్తనం. పైగా బీటీ పత్తి తొలినాళ్లలో ఎకరానికి 450 గ్రాముల పొట్లం చాలగా, వేరుశనగకు 40 కిలోలకు పైగా పప్పు కావాలి. నిల్వకూ రవాణాకూ అయ్యే ఖర్చు కంపెనీకి గిట్టదు. అందుచేత ఈ మెట్టసీమకు రకాలు ఇచ్చినవి ప్రధానంగా ప్రభుత్వ పరిశోధన కేంద్రాలే. 1940లో తిండివనం నుంచి వచ్చిన టి.ఎం.వి.-2 దశాబ్దాల పాటు నిలిచింది. తరువాత పొరుగున ఉన్న కదిరి కేంద్రం కదిరి-3, కదిరి-6, కదిరి-9 రకాలను ఇచ్చింది.

అయితే వచ్చిన రకాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టినది రైతు కుటుంబం. మంచి కాయలు ఏరి, ఎండబెట్టి, కాయగానే దాచి, విత్తే ముందు ఒలవడం ఇంటిల్లిపాది పని. కరువేడు విత్తనపు కాయ సైతం అమ్ముడుపోయేది. అప్పుడు బయట కొనక తప్పేది కాదు. ఇదీ కుటుంబ వ్యాపారమే, కాకపోతే దీనికి ఖాతాపుస్తకం లేదు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం విత్తనాన్ని దాచుకునే, మార్చుకునే, బ్రాండు పేరు లేకుండా అమ్ముకునే హక్కును రైతుకు గుర్తించింది.

2018 మార్చిలో పావగడ సౌరవిద్యుత్ పార్కు ప్రారంభమైంది. తిరుమణితో సహా ఐదు గ్రామాల పరిధిలో సుమారు 13,000 ఎకరాలను తీసుకున్నారు. 2019 చివరికి దాని సామర్థ్యం 2,050 మెగావాట్లకు చేరింది. భూమిని కొనలేదు, ఎకరానికి ఏడాదికి 21,000 రూపాయల చొప్పున మొదలుపెట్టి కౌలుకు తీసుకున్నారు. వాన రాకున్నా చేతికందే ఆ సొమ్మును తక్కువ చేయలేము. భూమి లేని కూలీలకు మాత్రం ఆ కౌలు రాదు.

ఇక్కడ ఒక కాలభేదం గమనించాలి. కౌలు గడువు పాతికేళ్లకు పైమాటే. ఇంట్లో దాచిన వేరుశనగ మొలకశక్తి ఒకటి రెండేళ్లకు మించి నిలవదు. గడువు తీరి నేల రైతుకు తిరిగి వచ్చినా, విత్తనం దానితో తిరిగి రాదు. పటాన్‌చెరులోని ఇక్రిశాట్ జన్యునిధిలో వేలాది వేరుశనగ నమూనాలు చల్లని గదుల్లో భద్రంగా ఉన్నాయి. ఏ చెలకలో ఏ కాయ నిలిచిందన్న ఇంటి ఎరుక మాత్రం అక్కడ ఉండదు.

కంపెనీల చరిత్ర వారి నివేదికలలో దొరుకుతుంది. ఇంటి విత్తనం చరిత్ర పావగడ తెలుగులో, పెద్దల నోట ఉంది. రాష్ట్రం వెలుపల తెలుగు చదువుతున్న విద్యార్థులు ఆ మాటలను, ఆ రకాల పేర్లను ఇప్పుడే సేకరించడం అవసరమని మేము భావిస్తున్నాము.