అమైలాయిడ్: పేరులోని పొరపాటు – వంశానుగత మూత్రపిండ వ్యాధి చరిత్ర

1. ఉపోద్ఘాతం:

మేడ్చల్–మల్కాజిగిరి జిల్లా కీసరగుట్టపై విష్ణుకుండినుల కాలానిదిగా భావించే శిలాలేఖనంలో ‘తొలుచువాన్డ్రు’ అనే పదం ఉంది. రాతిని తొలిచేవారిని వారి పనిని బట్టే పిలిచిన పేరది. శాస్త్ర పరిభాషలోని పేర్లన్నీ ఇలా వస్తుస్వభావాన్ని చెప్పవు. ‘అమైలాయిడ్’ అటువంటి పేరు. మూత్రపిండాలను దెబ్బతీసే ఒక వంశానుగత వ్యాధి ఈ పేరుతోనే వ్యవహారంలో ఉంది. ఆ పేరులోని పొరపాటును, వ్యాధి నిర్ధారణలోని పొరపాటును కలిపి పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. పేరు పుట్టుక:

లాటిన్‌లో ‘అమైలమ్’ అంటే పిండిపదార్థం. 1854లో జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో, మెదడులోని సూక్ష్మ రేణువులు అయోడిన్ తగిలినప్పుడు పిండిపదార్థంలాగా రంగు మారడం గమనించి వాటికి ఈ పేరు వాడాడు. ప్లీహంలో, మూత్రపిండాల్లో పేరుకునే మైనం వంటి పదార్థానికీ అదే పేరు స్థిరపడింది. 1859లో ఫ్రీడ్రిక్, కెకులే రసాయన పరీక్షల ద్వారా అందులో ఉన్నది పిండిపదార్థం కాదని, మాంసకృత్తు అని తేల్చారు. అయినా పేరు మారలేదు. 1922లో బెన్‌హోల్డ్ దీనిని గుర్తించడానికి కాంగో రెడ్ రంజకాన్ని ప్రవేశపెట్టాడు. 1959లో కోహెన్, కాల్కిన్స్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఇది సన్నని పోగుల సముదాయమని చూపారు. మాంసకృత్తు సహజమైన మడత తప్పి పోగులుగా పేరుకోవడమే వ్యాధికి మూలమని ఆ తరువాతి పరిశోధనలు వివరించాయి.

3. వంశానుగత రూపం:

1932లో ఓస్టర్‌టాగ్ ఒకే కుటుంబంలో మూత్రపిండాల అమైలాయిడ్ వ్యాధి పలువురికి రావడాన్ని నమోదు చేశాడు. 1993లో బెన్సన్ బృందం ఒక పెరూ కుటుంబంలో ఫైబ్రినోజెన్ ఆల్ఫా గొలుసు జన్యువులోని మార్పు ఇందుకు కారణమని కనుగొంది. ఫైబ్రినోజెన్ కాలేయంలో తయారై రక్తంలో ప్రవహిస్తుంది. మార్పు చెందిన ఫైబ్రినోజెన్ మూత్రపిండాల్లో రక్తాన్ని వడపోసే కేశనాళికా గుచ్ఛాలలో పేరుకుంటుంది. మూత్రంలో మాంసకృత్తు పోవడం, కాళ్ల వాపు, చివరకు మూత్రపిండాల వైఫల్యం దీని పర్యవసానాలు. లోపమున్న మాంసకృత్తు కాలేయం నుండి వస్తున్నందున కొందరికి కాలేయాన్ని, మూత్రపిండాన్ని కలిపి మార్పిడి చేశారు.

4. నిర్ధారణలో పొరపాటు:

వేర్వేరు మాంసకృత్తుల నుండి ఏర్పడిన అమైలాయిడ్ పోగులన్నీ కాంగో రెడ్‌తో ఒకే విధంగా రంగు పట్టుకుంటాయి. కనుక రంగు చూసి వ్యాధి ఉందని చెప్పగలమే గాని, ఏ మాంసకృత్తు కారణమో చెప్పలేము. లండన్‌లోని జాతీయ అమైలాయిడోసిస్ కేంద్రం పరిశోధకులు 2002లో ప్రకటించిన అధ్యయనం ఈ ప్రమాదాన్ని వెల్లడించింది. ఎముక మజ్జలోని ప్లాస్మా కణాల వల్ల వచ్చే అమైలాయిడ్ వ్యాధిగా భావించిన 350 మందిలో 34 మందికి ఉన్నది వంశానుగత రూపం. వారిలో ఎక్కువమందిలో ఫైబ్రినోజెన్ జన్యుమార్పే కనిపించింది. ప్లాస్మా కణాల వ్యాధికి ఇచ్చే కీమోథెరపీ వల్ల వీరికి ప్రయోజనం ఉండదు, దాని దుష్ఫలితాలు మాత్రం తప్పవు. జన్యుమార్పు ఉన్న ప్రతివారికీ వ్యాధి బయటపడదు. అందువల్ల ‘మీ ఇంట్లో ఇంకెవరికైనా ఉందా?’ అనే ప్రశ్నకు ‘లేదు’ అనే జవాబు వచ్చినంత మాత్రాన వంశానుగత రూపం కాదని నిర్ణయించలేము.

5. ముగింపు:

తెలుగులో ఈ వ్యాధిని ‘పిండి’ శబ్దంతో అనువదిస్తే 1854 నాటి పొరపాటును మన భాషలోకి తెచ్చుకున్నట్లవుతుంది. ‘అమైలాయిడ్’ అనే అంతర్జాతీయ పదాన్ని అలాగే ఉంచి, ‘మడత తప్పిన మాంసకృత్తు పేరుకునే వ్యాధి’ అని వివరణ ఇవ్వడం సముచితం. దానికి ముందు కారకమైన మాంసకృత్తు పేరును కూడా తప్పక చేర్చాలి. ‘వంశానుగత ఫైబ్రినోజెన్ అమైలాయిడ్ వ్యాధి’ అన్నప్పుడు అది ఏ మాంసకృత్తు వల్ల వచ్చిందో, కుటుంబంలో మరెవరికైనా పరీక్ష అవసరమో చదివేవారికి ఆ పేరులోనే తెలుస్తుంది.