బడిలో చెప్పని వ్యాకరణం

1970ల చివర నేను గుమాస్తాగా హైదరాబాదులో చేరిన కొత్తలో మా సెక్షన్లో ఒక అటెండరు ఉండేవాడు. వేలిముద్రే గాని సంతకం రాదు. "ఫైళ్ళు తెచ్చిన సారూ, పోస్టుమాను వచ్చిండు" అనేవాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన నేను "వచ్చిండు కాదయ్యా, వచ్చాడు అనాలి" అని నలుగురి ముందూ దిద్దేవాణ్ణి. క్రమంగా అతను నా దగ్గర మాట్లాడటమే తగ్గించాడు.

రిటైరయ్యాక భాషాశాస్త్రం పుస్తకాలు తిరగేస్తుంటే నా తప్పు తెలిసొచ్చింది. 'ఫైలు' ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. అవి రెండైతే 'ఫైళ్ళు' అనాలని అతనికి ఎవరు నేర్పారు? కాలు–కాళ్ళు, వేలు–వేళ్ళు అనే సూత్రం అతనికి తెలియకుండానే అతని బుర్రలో ఉంది.

ఎన్నో శతాబ్దాల క్రితమే పాణిని సంస్కృతాన్ని సుమారు 4,000 సూత్రాలలో బిగించాడు. 1957లో అమెరికా పండితుడు నోమ్ చామ్‌స్కీ 'సింటాక్టిక్ స్ట్రక్చర్స్' అనే చిన్న పుస్తకంలో, కొద్దిపాటి సూత్రాలతోనే లెక్కలేనన్ని వాక్యాలు పుట్టించవచ్చని చూపాడు. మరుసటి ఏడు జీన్ బెర్కో అనే ఆమె పసిపిల్లలకు ఒక వింత పక్షి బొమ్మ చూపి, దీని పేరు 'వగ్' అంది. ఇలాంటివి రెండుంటే ఏమంటారని అడిగితే, ఎన్నడూ వినని ఆ మాటకు కూడా చాలామంది పిల్లలు సరైన బహువచనం చెప్పారు. వల్లించిన మాటలే అయితే అది సాధ్యం కాదు గదా!

బుర్ర విప్పి చూడటం కుదరదు కనుక పండితులు ముందు ఒక సూత్రం ఊహిస్తారు. పిల్లి–పిల్లులు, కత్తి–కత్తులు చూసి, 'లు' ముందు ఇకారం ఉకారం అవుతుందని రాసుకుంటారు. అంతలో లారీ–లారీలు అడ్డం వస్తుంది. 'హ్రస్వమైతేనే' అని సూత్రాన్ని సవరిస్తారు. మనం డ్రాఫ్టు దిద్దినట్టే, జనం మాటకు సరిపోయేదాకా దిద్దుతారు. దిద్దేది సూత్రాన్ని, జనాన్ని కాదు.

ఆ లెక్కన చూస్తే వచ్చిన, వచ్చినవు, వచ్చిండు. చేసిన, చేసినవు, చేసిండు – అంతా ఒక వరుసే. అతని మాటకూ నా మాటకున్నంత వ్యాకరణం ఉంది. ఆ మాట అతనితో చెప్పే అవకాశం నాకు రాలేదు.

మిత్రులారా, మీ మనవరాలు 'ఇల్లులు' అంటే కసరకండి. ఆ పసిబుర్ర అప్పుడే ఒక సూత్రం పట్టుకుంది. 'ఇళ్ళు' అని తర్వాత తనే అంటుంది.