గోడ మీది విల్లు

ఇబ్రహీంపట్నంలో తెలిసినవారి ఇంటి వసారాలో ఒక వెదురు విల్లు మేకుకు వేలాడుతూ ఉంటుంది. తాతగారు నల్లమల వైపు నుంచి తెచ్చుకున్నారట. దాని అల్లెతాడు ఏనాడో తెగిపోయింది. సంక్రాంతి సెలవులకు వచ్చిన మనవడు నైలాన్ తాడు కట్టి లాగబోతుంటే చెయ్యి పట్టుకుని ఆపాను. "ఇన్నేళ్లు నిలిచిన విల్లు, ఇప్పుడు ఏమవుతుందండీ?" అన్నారు ఇంట్లోవాళ్లు. ఇన్నేళ్లు నిలవడమే దానికొచ్చిన ముప్పు. ఎందుకో చెప్పాలంటే చాలా వెనక్కి వెళ్లాలి.

పాత విల్లు విరగడం అనగానే మనకు తోచేది సీతా స్వయంవరం. వాల్మీకి చెప్పిన ప్రకారం శివధనుస్సు జనకుడి వంశంలో తరతరాలుగా దాచి ఉంచినది. ఎనిమిది చక్రాల ఇనుప పెట్టెలో పెట్టి ఐదు వేలమంది లాక్కొచ్చారు. రాముడు నారి ఎక్కించి లాగగానే నడిమికి విరిగింది. ఆ చప్పుడుకు విశ్వామిత్రుడు, జనకుడు, అన్నదమ్ములిద్దరూ తప్ప అందరూ పడిపోయారు. రాముడి బలానికి నిదర్శనంగానే ఆ కథ చదువుకుంటాం, అలాగే చదవాలి. అయినా ఆ కవికి విల్లు స్వభావం బాగా తెలుసనిపిస్తుంది. విల్లు విరిగేది ఊరకే ఉన్నప్పుడు కాదు, నిండా లాగినప్పుడు.

అర్థశాస్త్రం నాలుగు రకాల విండ్లు చెబుతుంది: తాటికర్రవి, వెదురువి, చేవకర్రవి, కొమ్ముతో చేసినవి. అల్లెతాళ్లకు చాగనార, జిల్లేడునార, జనుము, వెదురు, నరం వంటివి వాడమంటుంది. ఇవన్నీ తడికీ ఎండకీ పాడయ్యే సరుకే. కాబట్టి విల్లు కొడవలి పిడి లాంటిది: అరిగితే పారేసి కొత్తది చేసుకోవాల్సిందే. నల్లమల చెంచుల గురించి మానవశాస్త్రవేత్త హైమండార్ఫ్ రాసిన పుస్తకం 1943లో వచ్చింది. అప్పటికి పెంటల్లో, అంటే చెంచు గూడేల్లో, విల్లు రోజూ చేతిలో ఉండే పనిముట్టు. పక్కనే వెదురు పొద ఉన్నవాడికి పగులుపట్టిన బద్దను నమ్ముకోవాల్సిన పనేముంది?

గోల్కొండ సుల్తానుల కాలానికి దక్కనులో మరో రకం విల్లు ఉంది. ఇబ్రహీంపట్నానికి పేరిచ్చిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పాలించింది 1550 నుంచి 1580 వరకు. ఆనాటి రౌతుల విల్లు కర్రకు లోపలివైపు కొమ్ము, బయటివైపు నరాలు జిగురుతో అతికించి చేసినది. చిన్నదే అయినా బలం ఎక్కువ. అయితే వానాకాలపు చెమ్మకు జిగురు మెత్తబడుతుంది. ఆయుధశాలలో ఏళ్ల తరబడి చెక్కుచెదరకుండా ఉంటాయని మనదేశంలో ఉక్కు విండ్లు కూడా చేయించారు. కొమ్మువిల్లుతో ఇంకో చిక్కుంది. నారి విప్పితే అది ఎదురువైపుకు వంగిపోతుంది. తెలియనివారు ఆ వంపునే అసలు వంపనుకుని, అటే వంచి తాడు కట్టబోతారు. వందల ఏళ్ల విల్లు ఒక్క క్షణంలో పోతుంది.

తుపాకీ వచ్చాక విల్లు మెల్లగా పక్కకు తప్పుకుంది. అల్లూరి సీతారామరాజు విగ్రహాల చేతిలో విల్లంబులుంటాయి. కానీ 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆపైరోజు రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద ఆయన దళం పడింది తుపాకుల కోసమే. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చి వేటకు అడ్డుకట్ట వేసింది. అలా విల్లు పని పోగొట్టుకుని గోడెక్కింది. పాత విల్లు అనేది అప్పుడే పుట్టిందంటాను.

లాగినప్పుడు వింటిబద్ద బయటివైపు సాగుతుంది, మనవైపు నొక్కుకుంటుంది. ఏళ్ల తరబడి ఎండిన కర్రలో ఆ సాగుడు తగ్గిపోతుంది. పురుగు తొలిచిన చోట, సన్నగా అడ్డముడత పడిన చోట భారమంతా పోగుపడుతుంది. విరిగేటప్పుడు ముక్కలు ఎగిరేది కళ్లకూ కణతలకూ దగ్గరలోనే. బాణం పెట్టకుండా లాగి వదిలితే బాణానికి అందాల్సిన శక్తి బద్దకే తిరిగి తగులుతుంది. మంచి విల్లు కూడా దానికి తట్టుకోలేదు.

హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మన విజయవాడ అమ్మాయి జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచింది ఆధునిక కాంపౌండ్ విల్లుతో. జాతీయ పోటీల్లో ఇండియన్ రౌండ్ అనే విభాగంలో ఆడేవారికి మాత్రం నేటికీ వెదురు విల్లే. కాకపోతే అది పోటీకని చేయించుకున్న విల్లు, తాతగారి మేకు మీంచి దించింది కాదు.

ఆరోజు మనవణ్ని పక్కన కూర్చోబెట్టుకుని, దూదిపింజ తీసుకుని విల్లు మీద ఆ కొన నుంచి ఈ కొనదాకా నిమిరాను. పిడికి జానెడు పైన దూదిపోగులు చిక్కుకున్నాయి. అక్కడ ఒక పేడు లేచి ఉంది, కంటికి ఆనలేదు. వాడు వేలితో తడిమి చూసి, తాడు తనే విప్పేశాడు.

మీ ఇంట్లోనూ అలాంటిదుంటే తుడవండి, ఎండ తగలనిచోట పెట్టండి, పిల్లలకు దాని కథ చెప్పండి. నారి మాత్రం ఎక్కించకండి.