తిరుమల పుష్పకైంకర్యం : తోట నుండి పూలబావి వరకు

వైష్ణవ సంప్రదాయంలో శ్రీరంగం భోగమండపం, కంచి త్యాగమండపం, తిరుమల పుష్పమండపం. ఈ మూడవ పేరు కేవలం అలంకారప్రాయమైనది కాదు. కొండపై పూచిన ప్రతి పువ్వూ స్వామికే చెందుతుందని అక్కడి విశ్వాసం. అందువల్లనే నేటికీ తిరుమలలో యాత్రికులు పూలు ధరించరాదన్న నియమం ఉన్నది. పువ్వును పెంచడం, మాలగా కూర్చడం, సమర్పించడం, వాడిన తరువాత దానికొక స్థానం కల్పించడం అనే నాలుగు పనులనూ ఒకే సేవగా భావించిన చరిత్ర ఈ ఆలయానిది.

ఈ సేవకు మూలపురుషునిగా రామానుజాచార్యుల శిష్యుడైన అనంతాళ్వారును సంప్రదాయం స్మరిస్తుంది. గురువు ఆజ్ఞపై కొండ చేరిన ఆయన తోట వేసి, దానికి నీటికోసం చెరువు త్రవ్వనారంభించాడు. మట్టి మోస్తున్న ఆయన భార్యకు బాలుని రూపంలో స్వామి సాయపడినట్లూ, అందుకు కోపించిన అనంతాళ్వారు విసిరిన గునపం బాలుని చుబుకానికి తగిలినట్లూ కథ. ఆ గునపమని చెప్పబడే ఇనుపకడ్డీని ఆలయ మహాద్వారం వద్ద ఇప్పటికీ చూడవచ్చు. భక్తులకు ఇది స్వామి వాత్సల్యాన్ని చాటే గాథ. చరిత్ర విద్యార్థికి ఇందులో మరొక విషయం కూడా కనిపిస్తుంది. కొండమీద వాననీటిని నిలుపుకొనగలిగితేనే పూలతోట నిలుస్తుంది. కనుక పుష్పకైంకర్యం చెరువుతో మొదలైనది. తరువాతి కాలపు దేవస్థాన శాసనాలలో నందనవనాల పోషణకు చేసిన ఏర్పాట్లు కనిపిస్తాయి.

పూలను భద్రపరచి మాలలు కూర్చే గదికి యామునాచార్యుల పేరిట యామునోత్తరై అని పేరు. ఇక స్వామికి అలంకరించి తీసిన నిర్మాల్యాన్ని భక్తులకు పంచే ఆచారం అక్కడ లేదు. దానిని ఆలయంలోనే ఉన్న భూతీర్థంలో వేసేవారు. జనవ్యవహారంలో అదే పూలబావి. కొండ నేలలో పుట్టిన పువ్వు తిరిగి కొండ గర్భంలోనే కలిసిపోయేది.

ఇరవయ్యవ శతాబ్దంలో ఈ వలయం సడలింది. 1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండవది ఏర్పడ్డాయి. యాత్రికులతోపాటు పూలు కూడా దూరప్రాంతాల నుండి వాహనాలలో రాసాగాయి. పదిహేనవ శతాబ్దంలో జరిగి తరువాత ఆగిపోయిన పుష్పయాగాన్ని 1980లో పునరుద్ధరించారు. ఆ ఒక్క ఉత్సవానికే టన్నుల కొద్దీ పూలు పొరుగు రాష్ట్రాల నుండి కూడా వస్తాయి. ఒక తోటకు, ఒక బావికి సరిపడిన ఏర్పాటు ఇంతటి రాశిని భరించజాలదు.

ఈ స్థితికి సమాధానంగా 2021 సెప్టెంబరులో తిరుమల తిరుపతి దేవస్థానం తన ఆలయాలలో వాడిన పూలతో అగరుబత్తుల తయారీని ప్రారంభించి, ఏడుకొండలకు సంకేతంగా ఏడు రకాలను విడుదల చేసింది. అదే ఏడాది డాక్టర్ వై.ఎస్.ఆర్. ఉద్యాన విశ్వవిద్యాలయంతో ఒప్పందం చేసుకొని, పూలను ఎండబెట్టి చిత్రపటాలు రూపొందించే పద్ధతిని చేపట్టింది. ఆ 2021లోనే ఇంగ్లండులో రాయల్ హార్టికల్చరల్ సొసైటీ తన పుష్పప్రదర్శనలలో పూలకాడలను గుచ్చి నిలబెట్టే రసాయనిక స్పంజికను నిషేధించడం గమనార్హం. 1954లో అమెరికాలో వెలువడిన ఆ సాధనం నేలలో కలిసిపోదు. సూక్ష్మమైన ప్లాస్టిక్ కణాలుగా విడిపోతుంది. అరటినారతో మాలకట్టే మన ఇళ్ళలో ఆ సమస్యే పుట్టలేదు. నార, పువ్వు రెండూ ఒకే మట్టిలో కలిసిపోతాయి.

నిర్మాల్యాన్ని సుగంధద్రవ్యంగా మార్చడం హర్షణీయమే. అయితే అది సేవలోని చివరి అంకాన్ని మాత్రమే చక్కదిద్దుతుంది. ఆ పువ్వు ఏ నీటితో పెరిగింది, ఏ మందులు చల్లించుకొన్నది, ఎంత దూరం ప్రయాణించింది అన్న ప్రశ్నలు అలాగే మిగిలి ఉన్నాయి. అనంతాళ్వారు మాల కట్టడానికి ముందు చెరువు త్రవ్వాడు. పూలబావికి బదులు వెదకుతున్న కాలం ఆ చెరువును కూడా గుర్తుంచుకొనవలసి ఉన్నది.