రోడ్డు వెడల్పయ్యాక మిగిలిందెవరు?

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాదును ముంచేసింది. పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. నదిని ఆనుకుని ఉన్న కోల్సావాడి, ఘాన్సీ బజార్ లాంటి బస్తీల్లో ఇళ్లకు ఇళ్లే కొట్టుకుపోయాయి. మరుసటి ఏడాది నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదను ఎగువనే ఆపే జలాశయాలు కట్టాలని, ఊరికి మురుగు కాలువల ఏర్పాటు ఉండాలని ఆయన సూచించారు. ఇంతలో 1911లో ప్లేగు వచ్చింది. ఇరుకు గల్లీలు, గాలి రాని ఇళ్లు ఇలాగే ఉంటే ఊరు బతకదన్న అభిప్రాయం పాలకుల్లో బలపడింది. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు (సీఐబీ) పుట్టింది. వీధులను బాగుచేస్తే ప్రజలు బాగుపడతారన్నది ఆ బోర్డు నమ్మకం. నూరేళ్ల తర్వాత కూడా రోడ్ల వెడల్పు ఫైలు కదిలిన ప్రతిసారీ ఇదే మాట వినిపిస్తుంది. కానీ వీధి బాగుపడటం వేరు, ఆ వీధిలో ఉన్నవాళ్లు బాగుపడటం వేరు. మొదటిది జరిగితే రెండోది దానంతటదే జరిగిపోతుందని చరిత్ర ఎక్కడా చెప్పడం లేదు. కూల్చే ముందు అక్కడివాళ్ల కోసం ఏం చేశారన్నదే ప్రతిచోటా ఫలితాన్ని తేల్చింది.

బోర్డు చేసిన మంచి పనిని తక్కువచేసి చూపితే ఈ వాదన నిలవదు. పత్తర్‌గట్టీనే తీసుకుందాం. నయాపూల్ దాటి మదీనా మీదుగా చార్మినార్‌కు వెళ్లే దారిని వెడల్పు చేసి, రెండు పక్కలా చెక్కిన రాతితో వరసగా కమానులు కట్టారు. కింద దుకాణాలు, పైన కాపురాలు. కమానుల లోపలి నుంచి నడిచేవాళ్లకు ఎండా వానా తగలవు. బేరం కోసం ఆగినవాళ్లు బండ్లకు అడ్డం రారు. ముత్యాలు, అత్తరు, పెళ్లి బట్టల వ్యాపారం నేటికీ అక్కడ సాగుతోందంటే ఆ కట్టడం తీరు ఎంత తెలివైనదో అర్థమవుతుంది. అయితే మట్టిగోడల కొట్టు పోయి రాతి దుకాణం వచ్చినచోట కిరాయి పాతదే ఉండదు. కొత్త కిరాయి కట్టగలిగిన వ్యాపారి నిలబడతాడు. కట్టలేనివాడు పక్క గల్లీకో, నది అవతలికో జరుగుతాడు. వీధి అందం చూసి మెచ్చుకునేవాళ్ల కంటికి జరిగిపోయినవాడు కనబడడు. అందుకే ఏ అభివృద్ధి పథకమైనా తన ఫొటోల్లో ఎప్పుడూ గెలిచినట్టే ఉంటుంది.

హైదరాబాదు బోర్డుకు ఒక ప్రత్యేకత ఉంది. రోడ్లు, బజార్లతో సరిపెట్టకుండా అది ఇళ్లూ కట్టింది. మల్లేపల్లి, ఆగాపురా, సుల్తాన్‌షాహీ, మొఘల్‌పురా వంటి చోట్ల పాత గుడిసెలు, కూలిన ఇళ్లు తీసేసి, తక్కువ ఆదాయాల వారికోసం ఒకే తీరున వరస ఇళ్లు వేసింది. నగరంలో కొన్నిచోట్ల సీఐబీ క్వార్టర్స్ అన్న పేరు ఇప్పటికీ ఆటోవాళ్ల నోట్లో నలుగుతూనే ఉంది. 1935లో మొజంజాహీ మార్కెట్‌ను కట్టిన బోర్డే ఈ చిన్న ఇళ్లనూ కట్టింది. కూల్చినచోట తిరిగి కట్టాలన్న బాధ్యతను ఒప్పుకోవడం ఆ కాలానికి చిన్న సంగతేమీ కాదు. కాకపోతే నెలనెలా కిరాయి కట్టాల్సిన ఇల్లు నెల జీతగాడికే అనువుగా ఉంటుంది. రోజుకూలీకి చేతిలో డబ్బు ఏ రోజుకు ఆ రోజే. ఇల్లు తక్కువ కిరాయికే దొరికినా, అది పని దొరికే బజారుకు దూరమైతే ఆ తగ్గింపు రాకపోకల్లోనే ఖర్చయిపోతుంది. అయినా ఈ లోపాలన్నీ సరిదిద్దుకోదగ్గవి. చాలినన్ని ఇళ్లు కట్టకుండానే కూల్చివేతలు మొదలుపెట్టిన చోట ఏం జరిగిందో చూస్తే హైదరాబాదు పద్ధతి విలువ తెలుస్తుంది.

ఆ చోటు బొంబాయి. 1896లో ప్లేగు అక్కడి మాండ్వీలో బయటపడింది. రెండేళ్లకే ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు ఏర్పడింది. దాని మొదటి పథకం నాగ్‌పాడాలో. పక్కనే కామాఠీపురా. రోడ్లకు, భవనాలకు కూలిపనుల కోసం మన ప్రాంతం నుంచి వలసపోయిన తెలుగు కామాఠీల వల్లే ఆ పేటకు ఆ పేరు వచ్చింది. నగరాన్ని కట్టిన చేతులు కాపురమున్నది ఇలాంటి కిక్కిరిసిన పేటల్లోనే. సముద్రపు గాలి ఊళ్లోకి వీచాలని ట్రస్టు ప్రిన్సెస్ స్ట్రీట్, శాండ్‌హర్స్ట్ రోడ్ వంటి వెడల్పాటి దారులు వేసింది. ఆ దారుల కోసం పోయిన గదులు ఎక్కువ, మొదటి పదేళ్లలో ట్రస్టు కట్టిన గదులు తక్కువ. ఇల్లు పోయినవాళ్లు ఊరొదిలి వెళ్లలేదు. పని ఊళ్లోనే ఉంది కాబట్టి పక్క చాల్‌లో, అప్పటికే ఆరుగురున్న గదిలో ఏడో మనిషిగా చేరారు. ఇరుకు తగ్గిద్దామని మొదలుపెట్టిన పని ఇరుకును నాలుగు గల్లీలు అవతలికి నెట్టింది. ఇంత కచ్చితంగా మనం ఈ విమర్శ చేయగలగడానికి కారణం, ఎన్ని గదులు కూల్చారో ఎన్ని కట్టారో ఆనాడు లెక్క రాసి పెట్టుకోవడమే.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది. ప్లేగులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఎవరు ఎక్కడికి జరిగారని లెక్కలు వేస్తూ కూర్చోవాలా, ప్రాణం ముఖ్యం కాదా అని. ప్రాణమే ముఖ్యం. కానీ ప్రాణాలు కాపాడినది రోడ్డు వెడల్పేనా? చెడుగాలి, తడినేల రోగాన్ని పుట్టిస్తాయన్న నమ్మకంతో ఇళ్లు పడగొట్టారు. ప్లేగును మోసేది ఎలుకల ఒంటిమీద బతికే చిన్న పురుగని ఆ తర్వాత బొంబాయిలోనే జరిగిన పరిశోధనలు రుజువు చేశాయి. పాత గోడలు కూలిస్తే ఎలుకలూ మనుషులూ కలిసే పక్క వీధికి మకాం మారుస్తారు. హైదరాబాదులో సామాన్యుడి ఆరోగ్యానికి నిజంగా మేలు చేసింది 1920లో పూర్తయిన ఉస్మాన్‌సాగర్ జలాశయపు నీళ్లు, ఆ తరువాత వచ్చిన మురుగు కాలువలు. వాటికోసం వీధుల్ని తవ్వి పూడ్చారే తప్ప వీధివాళ్లను ఖాళీ చేయించాల్సిన పని పడలేదు. 1914లో మన దేశానికి వచ్చి మద్రాసు ప్రెసిడెన్సీ పట్టణాలపై నివేదికలు రాసిన ప్యాట్రిక్ గెడ్డెస్ చెప్పిందీ ఇదే. పాత పేట మధ్యనుంచి తిన్నటి రోడ్డు కొట్టుకుంటూ పోవద్దు, శిథిలమైన ఒకటి రెండు ఇళ్లు తీసి అక్కడ కాస్త ఖాళీ జాగా ఇవ్వండి, చెట్టు నాటండి, బావి బాగుచేయండి, వంకర గల్లీని వంకరగానే ఉండనివ్వండి అన్నాడు. అందువల్ల ఖర్చూ తగ్గుతుంది, జనమూ నిలుస్తారు అన్నది ఆయన లెక్క. ఇంజనీర్లకు అది చాలా చిన్న పనిగా కనిపించింది.

రెండో అభ్యంతరం ధరలది. రోడ్డు పడితే గజం ధర పెరుగుతుంది, అక్కడివాళ్లకు అంతకన్నా ఏం కావాలి అంటారు. అక్కడివాళ్లు అనేది ఒక్క మనిషి కాదు. సొంతదారు ఉన్నాడు, కిరాయిదారు ఉన్నాడు, అరుగు మీద కుట్టుమిషన్ పెట్టుకున్నవాడు ఉన్నాడు, ఎదుట తోపుడుబండి ఉంది. గోడమీద ఎర్రరంగుతో గీత గీసి అడుగుల లెక్క రాసి పోయిన రోజునుంచి వీళ్ల నలుగురి దారులూ నాలుగవుతాయి. పదిహేను అడుగుల ముందుభాగం పోతే మెట్లూ నల్లా మీటరూ దాంతోపాటే పోతాయి. అయినా మిగిలిన ముక్క రోడ్డుముఖం అవుతుంది కాబట్టి సొంతదారు కోలుకుంటాడు. నష్టపరిహారం అతని పేరునే వస్తుంది, టీడీఆర్ (బదిలీ చేసుకోదగ్గ అభివృద్ధి హక్కు) బాండు ఇచ్చినా అతనికే. పగిడీ (కొట్టులోకి దిగేటప్పుడు కట్టే ముందు సొమ్ము) ఇచ్చి తరాలుగా కొట్టు నడుపుతున్న కిరాయిదారుకు కాగితం మీద చోటు దొరకడం కష్టం. 2013 నాటి భూసేకరణ చట్టం సొంతభూమి లేకపోయినా మూడేళ్లుగా అక్కడే ఉంటున్నవాళ్లను, అక్కడి పనిమీద బతికేవాళ్లను బాధిత కుటుంబాలుగా గుర్తించింది. రాజీ పద్ధతిలో బాండ్లు ఇచ్చి పని ముగించినప్పుడు ఆ గుర్తింపు అక్కరకు రాదు. ధర పెరగడం వీళ్లకు లాభం కాకపోగా, తరువాతి కిరాయి పెంపుకు ముందస్తు నోటీసు అవుతుంది.

అంబులెన్సు దూరని గల్లీని అలాగే వదిలేయాలా అన్నది మూడో ప్రశ్న. వదలకూడదు. అగ్గి అంటుకున్నప్పుడు ఫైరింజను రావాలి. దానికి కావాల్సిన వెడల్పు ఒకటి, ఊరి ఇవతలి కొననుంచి అవతలి కొనకు కార్లు దూసుకుపోవడానికి కావాల్సిన వెడల్పు ఇంకొకటి. రెండోదాన్ని మొదటిదాని పేరుతో అడగడం సబబు కాదు. చార్మినార్ చుట్టూ పాదచారుల పథకం ఈ విషయంలో సరైన దిక్కున ఆలోచించింది. బండ్లను ఆపి, నేలకు రాయి పరిచి, నడిచేవాళ్లకు చోటిచ్చింది. కానీ అక్కడే తోపుడుబళ్ల వాళ్లతో పేచీ మొదలైంది. యాభై ఏళ్లు పైబడి సాగుతున్న వీధి బజార్లను వారసత్వ బజార్లుగా ప్రకటించాలని, అక్కడివాళ్లను తరలించకూడదని 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. చార్మినార్ నీడన సాగే బేరానికి ఈ మాట వర్తించకపోతే ఇంకెక్కడ వర్తిస్తుంది? పక్కనే లాడ్‌బజార్ సంగతీ చూడాలి. దుకాణంలో మెరిసే లక్క గాజు వెనక గల్లీలోని కిరాయి గదిలో పుడుతుంది. బొగ్గు కుంపటి మీద లక్కను మెత్తబరిచి, కడ్డీగా సాగదీసి, గుండ్రంగా వంచి, వేడి చల్లారకముందే రాళ్లు ఒక్కొక్కటీ అద్దుతారు. కొలత సరిపోని గాజును దుకాణం నుంచి గల్లీకి పంపితే కొనేవాళ్లు కూర్చునుండగానే సరిచేసి తెచ్చిస్తారు. ఆ నడక దూరమే ఆ వ్యాపారానికి పెట్టుబడి. ముందు వీధికి హంగులు చేసి వెనక గది కిరాయి పెరగనిస్తే, దుకాణాల పేరు బోర్డులు మిగులుతాయి గానీ పనివాళ్లు మిగలరు.

వీధుల్ని బాగుచేయొద్దని ఈ చరిత్ర చెప్పడం లేదు. పత్తర్‌గట్టీ కమానులు, ఉస్మాన్‌సాగర్ నీళ్లు, మల్లేపల్లి ఇళ్లు లేకపోతే హైదరాబాదు ఇంకా దీనంగా ఉండేది. అది చెప్పేది కొలత గురించి. పథకం పూర్తయ్యాక మన కార్పొరేషన్లు ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని అడుగులు, ఎన్ని కోట్లు అని ప్రకటిస్తాయి. మొదలుపెట్టే ముందు ఆ వీధిలో ఎవరెవరు ఉన్నారో, సొంతదారు నుంచి బండివాడి దాకా, పేరుపేరునా రాయాలి. అయిదేళ్ల తర్వాత అదే పట్టిక పట్టుకుని మళ్లీ గడపగడపకూ తిరగాలి. నూరేళ్ల కిందటి బొంబాయి ట్రస్టు గదుల లెక్కైనా రాసింది. ఇప్పటి యంత్రాంగానికి మనుషుల లెక్క రాయడం అంతకన్నా కష్టమేమీ కాదు. పట్టికలో సగం పేర్లు గల్లంతైతే ఆ పథకం స్థలాన్ని బాగుచేసిందని చెప్పుకోవచ్చు, స్థానికులను బాగుచేసిందని చెప్పుకునే హక్కు మాత్రం దానికి లేదు.