శశ బంధనము – అభయ దానము

సంస్కృతంలో శశము, తెలుగులో కుందేలు, పల్లెలలో చెవులపిల్లి. చంద్రబింబంలోని మచ్చను కుందేలుగా దర్శించిన మన పూర్వులు ఆయనకు శశి అని, శశాంకుడని నామాలు పెట్టారు. పున్నమినాడు ఆకాశంలో చూచి నమస్కరించే ఆ ప్రాణినే పొలంగట్టున చూచినప్పుడు తరిమి పట్టడమూ మన నేలపై అనాదిగా ఉన్నది. ఈ విషయంలో పెద్దలు ఏమి విధించారో భక్తజనులు తెలుసుకొనదగినది.

ఇళ్ళలో బోనులలో పెంచే తెల్లకుందేళ్ళు విదేశీ జాతివి. మన అడవి కుందేలు వానివలె బొరియ తవ్వుకొనదు. పొదమాటున, గడ్డిలో తన ఒడలు పట్టేటంత పల్లం చేసుకొని పగలంతా అణగి కూర్చుంటుంది. అపాయం దరిచేరేదాకా కదలకుండడం, చేరగానే ఒక్కదూకున పరుగెత్తడం, ఇంతే దాని రక్షణ. వేటగాండ్రు ఈ స్వభావాన్నే ఆధారం చేసుకొన్నారు. ఒకవైపు పొడవుగా వలకట్టి, రెండవవైపు నుండి కేకలు వేస్తూ పొదలను కర్రలతో కొడుతూ వస్తారు. బెదిరి లేచిన కుందేలు నేరుగా వలలో పడుతుంది. అది నిత్యం నడిచే జాడలో ఉచ్చు పన్నడం మరొక పద్ధతి.

“చంపలేదు గదా, ప్రాణంతోనే పట్టాము” అని సమాధానం చెప్పేవారున్నారు. కౌటిల్యుడు ఈ సమాధానాన్ని అంగీకరించలేదు. మైసూరులో ఆర్. శ్యామశాస్త్రిగారు 1909లో ప్రకటించిన అర్థశాస్త్రంలో, రెండవ అధికరణంలోని సూనాధ్యక్ష ప్రకరణం చూడండి. అభయం పొందిన మృగ పక్షి మత్స్యాల విషయంలో బంధనం, వధ, హింస అనే మూడింటికీ ఉత్తమ దండమే విధింపబడినది. అంటే పట్టి బంధించడాన్ని చంపడంతో ఒకే పంక్తిలో నిలిపినాడన్నమాట! అక్కడితో ఆగక, ప్రాణంతో చిక్కిన మృగ పక్షులలో ఆరవ భాగాన్ని అభయవనాలలో విడిచిపెట్టాలన్నాడు. పంటలో ఆరవపాలు రాజుది అని మనం విన్నదే. ఇక్కడ ఆ ఆరవపాలు బొక్కసానికి పోక అడవికి పోతున్నది. కఠినుడని పేరుబడ్డ రాజనీతివేత్త నోట ఈ మాట రావడం ఆశ్చర్యం కాదా?

ఐదు గోళ్ళ జంతువులలో తినదగినవానిగా మనుస్మృతి, వాల్మీకి రామాయణంలో వాలి పలుకులు కూడ కుందేలును పేర్కొన్న మాట నిజమే. దానిని దాచవలసిన పనిలేదు. కాని ఆ రామాయణంలోనే, అరణ్యకాండలో, సీతమ్మ బంగారులేడిని మొదట కోరినది ప్రాణంతోనే. సజీవంగా దొరికితే వనవాసానంతరం అంతఃపురానికి అలంకారమవుతుందని, భరతునికీ అత్తలకూ విస్మయం కలిగిస్తుందని ఆమె ముచ్చట. ఆ ముచ్చట వెంట ఏమి జరిగినదో వేరే చెప్పనక్కరలేదు.

విజయనగర స్థాపనకథలో కుందేలు పట్టుబడేది కాదు, ఎదురు తిరిగేది. క్రీ.శ. 1535 ప్రాంతంలో పోర్చుగీసు వర్తకుడు నూనిజ్ విని వ్రాసిన దాని ప్రకారం, రాజు వేటకుక్కలను ఒక కుందేలు ఎదిరించి కరచినది. ఆ వింతను విన్న తపస్వి అక్కడనే నగరం కట్టుమన్నాడు. దీనిని చరిత్ర అనడం కన్న ఐతిహ్యమనడం సమంజసం. అయినా ఒక మహాసామ్రాజ్యం తన పుట్టుకను చెప్పుకొనడానికి సింహాన్ని గాక కుందేలును ఎంచుకొన్నది.

కర్ణాటకలోని చిత్రదుర్గ ప్రాంతపు కొన్ని గ్రామాలలో సంక్రాంతివేళ కుందేలును వలవేసి సజీవంగా పట్టి, దేవుని ఎదుట పూజించి, మరల విడిచే ఆచారం ఉన్నది. అందులోని భక్తి శంకింపరానిది. అయితే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దృష్టిలో వేట అంటే చంపడమొక్కటే కాదు. పట్టడం, ఉచ్చుపన్నడం, తరమడం, తుదకు అందుకు ప్రయత్నించడం కూడ వేటయే. రెండు వేల యేండ్లనాటి ‘బంధనం’ అనే మాట మరల శాసనంలోకి వచ్చినట్లయినది. పశువైద్యులు చెప్పేది మరింత ఆలోచింపదగినది. పట్టుబడిన అడవి ప్రాణి భయంతో, పెనుగులాటతో కండరాలు దెబ్బతిని, ఒంటిపై గాయం లేకుండానే, విడిచిన కొన్ని గంటలకో రోజులకో మరణించవచ్చు. కుందేలు ఇందుకు మినహాయింపు కాదు. పూజ ముగించి ఇంటికి వెళ్ళినవారికి ఆ మరణం కనబడదు.

వేట ఉండి బంధనం లేని ఉత్సవం మనకు లేకపోలేదు. తిరుమలలో కనుమనాడు శ్రీ మలయప్పస్వామివారు పార్వేట మండపానికి వేంచేస్తారు. స్వామి తరఫున అర్చకస్వామి ముందుకు పరుగెత్తి మూడుమార్లు బల్లెం విసురుతారు. దానితో వేట పూర్తి. అహోబిలంలో కనుమనాడు మొదలయ్యే పార్వేటలో జ్వాలా నరసింహస్వామి, ప్రహ్లాదవరదస్వామి పల్లకిలో సుమారు నలభై రోజులు ఊరూరా తిరుగుతారు. స్వామి వేటకు బయలుదేరినది తన కల్యాణానికి గ్రామస్థులను పిలవడానికని, చెంచులు ఆయనకు అత్తవారని అక్కడివారి నమ్మకం. చెంచులు విల్లంబులతో వచ్చి స్వామిని సాగనంపుతారు.